పాత టీవీకి బ్లూటూత్ స్పీకరు కలపడం ఎలా?

ప్రశ్న (మలక్‌పేట నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2011లో కొన్న 32 అంగుళాల ఎల్‌సీడీ టీవీ ఉంది. బొమ్మ ఇప్పటికీ చక్కగా వస్తోంది కనుక మార్చాలని లేదు. అయితే మా అమ్మగారికి వినికిడి తగ్గడంతో, సాయంత్రం ప్రవచనం వచ్చే వేళకు సౌండు 35 దాకా పెంచవలసి వస్తోంది, పక్క గదిలో పిల్లల చదువు సాగడం లేదు. ఆమె కుర్చీ పక్కన పెట్టుకోమని మా తమ్ముడు ఒక బ్లూటూత్ స్పీకరు ఇచ్చాడు. టీవీ మెనూ అంతా వెతికినా బ్లూటూత్ అన్న మాటే లేదు. కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి బ్లూటూత్ అడాప్టరు తెచ్చి, టీవీ యూఎస్‌బీలో పెట్టాను. నీలం లైటు వెలుగుతోంది గాని స్పీకరు పలకడం లేదు. టీవీ వెనుక హెడ్‌ఫోన్ జాక్, ఎరుపు తెలుపు సాకెట్లు, చిన్న మూత ఉన్న చదరపు సాకెట్ ఒకటి ఉన్నాయి. దయచేసి దారి చెప్పగలరు.

జవాబు 1

మీరు తెచ్చింది బహుశా రిసీవరు అయి ఉంటుంది. అది ఫోను నుంచి పాట అందుకుని పాత ఆంప్లిఫయరుకు ఇచ్చే వస్తువు. మీకు కావలసింది ట్రాన్స్‌మిటరు, అంటే టీవీ శబ్దాన్ని స్పీకరుకు పంపేది. కొన్ని అడాప్టర్లకు టీఎక్స్ (పంపడం), ఆర్‌ఎక్స్ (అందుకోవడం) అన్న స్విచ్ ఉంటుంది, మీదానికి ఉంటే టీఎక్స్ వైపు జరపండి. ఇంకొక మాట: ఇలాంటి టీవీల యూఎస్‌బీ నుంచి వచ్చేది 5 వోల్టుల కరెంటు మాత్రమే, శబ్దం కాదు. శబ్దానికి వేరే వైరు తప్పనిసరి. ఎరుపు తెలుపు సాకెట్ల పక్కన ‘ఇన్’ అని ఉందో ‘అవుట్’ అని ఉందో టార్చి వేసి చూడండి, ‘ఇన్’ అయితే మీకు పనికిరావు.

జవాబు 2

ఆ చదరపు సాకెట్ ఆప్టికల్ అవుట్, అంటే శబ్దాన్ని వెలుగు రూపంలో కేబుల్ ద్వారా బయటికి పంపేది. హెడ్‌ఫోన్ జాక్‌లో వైరు పెడితే చాలా టీవీల్లో సొంత స్పీకర్లు మూగబోతాయి, ఆప్టికల్ వాడితే సాధారణంగా రెండూ పలుకుతాయి, కనుక నలుగురూ కూర్చుని చూసే ఇంటికి ఇదే మేలని నా అభిప్రాయం. ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న ట్రాన్స్‌మిటరు అడిగి తీసుకోండి. కేబుల్ కొసలకు ఉండే ప్లాస్టిక్ తొడుగులు తీయడం మరిచిపోకండి. మా ఇంట్లో కొన్ని హెచ్‌డీ చానళ్లకు మాత్రం శబ్దం రాక రెండు రోజులు తంటాలు పడ్డాను. అవి డాల్బీ అనే కుదించిన శబ్ద పద్ధతిలో వస్తున్నాయి, ట్రాన్స్‌మిటరుకు అది అర్థం కాదు. టీవీ సౌండు సెట్టింగులో డిజిటల్ అవుట్‌పుట్‌ను పీసీఎంకు (కుదించని మామూలు డిజిటల్ శబ్దానికి) మార్చగానే సరిపోయింది. జత చేసేటప్పుడు ఇంట్లోని ఫోన్లలో బ్లూటూత్ ఆపండి, లేకపోతే స్పీకరు అలవాటైన ఫోనుకే అతుక్కుంటుంది.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలు. ఎరుపు తెలుపు సాకెట్ల దగ్గర ‘ఇన్’ అనే ఉంది. ఆప్టికల్ ట్రాన్స్‌మిటరు తెచ్చి కలిపాను, శబ్దం వచ్చింది. కాని వార్తలు చదివే అమ్మాయి పెదవులు కదిలాక మాట వినబడుతోంది.

జవాబు 3

బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి పంపి, అవతల మళ్లీ విప్పవలసి ఉంటుంది. అందరికీ ఉమ్మడిగా ఉండే ఎస్‌బీసీ పద్ధతిలో దాదాపు 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఆలస్యమవుతుంది. ‘ఆప్ట్‌ఎక్స్ లో-లేటెన్సీ’ అనే తక్కువ ఆలస్యపు పద్ధతిలో అది 40 మిల్లీసెకన్ల దగ్గరకు తగ్గుతుంది గాని, ట్రాన్స్‌మిటరుకూ స్పీకరుకూ రెండింటికీ ఆ సదుపాయం ఉండాలి. టీవీ మెనూలో కనిపించే ఆడియో డిలే శబ్దాన్ని ఇంకా వెనక్కి జరుపుతుందే తప్ప ముందుకు తేలేదు. మీ స్పీకరుకు ఆక్స్ రంధ్రం ఉంటే, హెడ్‌ఫోన్ జాక్ నుంచి 3.5 మిల్లీమీటర్ల వైరు కుర్చీ దాకా వేయండి, ఆలస్యం ఉండదు. టీవీ స్పీకర్లు మూగబోతే అది మీకు మంచిదే కదా, పిల్లలు చదువుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఆక్స్ ఉంది, 5 మీటర్ల వైరు గోడ వెంట వేశాను. సీరియళ్లకూ వార్తలకూ అదే వాడుతున్నాం. ప్రవచనం మాత్రం అమ్మ కళ్లు మూసుకుని వింటుంది కనుక ఆ గంటసేపు బ్లూటూత్‌తోనే, స్పీకరును వంటింటి గడప దగ్గరకు తీసుకుపోయి వింటోంది. టీవీ సౌండు 12 దాటడం లేదు.