మాల్టాలో చలికాలం: ఇంట్లో చెమ్మ సంగతి తెలిసినవాళ్లు చెప్పరూ?

నమస్కారమండీ. నవంబరులో ఉద్యోగం మీద మధ్యధరా సముద్రంలోని ద్వీపదేశం మాల్టా వెళ్తున్నాం, అక్కడి స్లీమా పట్టణంలో ఇల్లు వెతుకుతున్నాం. అమ్మ కూడా వస్తోంది. ఆవిడకి ఉబ్బసం, నా బెంగంతా అదే.

అంకెలు చూస్తే భయపడాల్సిందేం లేదు. జనవరిలో పగలు 15, 16 డిగ్రీలు, రాత్రి 10 దగ్గర. మా ఆదిలాబాద్ చలి ముందు ఇదో లెక్కా! వాన కూడా ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ, అదీ ఎక్కువగా అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపు. మనకు వానలు మొదలయ్యే జూన్, జూలైల్లో అక్కడ చుక్క రాలడమే అరుదు.

కానీ ఏజెంటు పంపిన వీడియోలో బీరువా వెనక గోడకి అడుగు నుంచి నడుం ఎత్తుదాకా నల్లగా బూజు పట్టి ఉంది. అడిగితే "ఇక్కడ అన్ని ఇళ్లూ ఇంతే" అన్నాడు. సున్నపురాయి గోడలు చెమ్మ పీలుస్తాయని, చాలా ఇళ్లల్లో హీటింగ్ ఉండదని, బయటికన్నా లోపలే చలెక్కువని విన్నాను.

అక్కడ ఒక్క చలికాలమైనా గడిపినవాళ్లు చెప్పండి: మధ్య అంతస్తులో, దక్షిణం ఎండ తగిలే ఇల్లు తీసుకుంటే చెమ్మ నిజంగా తగ్గుతుందా? గాలిలో చెమ్మ లాగేసే డీహ్యూమిడిఫయర్ రోజంతా వేస్తే కరెంటు బిల్లు ఎంతొస్తుంది? ఏసీనే హీటరుగా వాడితే సరిపోతుందా? ఆఫ్రికా వైపు నుంచి సిరోకో గాలి వీచినప్పుడు సహారా దుమ్ము వస్తుందంటారు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ రోజుల్లో ఎలా నెట్టుకొస్తున్నారు? రగ్గులు ఇక్కణ్నుంచే మోసుకెళ్లాలా, అక్కడ కొనుక్కోవచ్చా?