కామెట్ విమానాలు కూలింది తెలియనితనం వల్లా, తొందరపాటు వల్లా?

గగనం: 1954 జనవరి 10న ఎల్బా దీవి దగ్గర, ఏప్రిల్ 8న నేపుల్స్ దగ్గర బ్రిటన్‌లో తయారైన రెండు కామెట్ ప్రయాణికుల జెట్లు గాల్లోనే ముక్కలయ్యాయి. రెండూ రోమ్‌లో లేచినవే. మొత్తం 56 మంది పోయారు. మెటల్ ఫెటీగ్ (పదేపదే ఒత్తిడి పడి లోహం అలసి పగలడం) సంగతి అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. తయారుచేసిన డి హావిలాండ్‌ను తిట్టడం అన్యాయమని నా వాదన.

రివెట్ బాబాయ్: ఎవరికీ తెలియదంటే ఎలా తమ్ముడూ? రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో జర్మన్ ఇంజనీర్ వోలర్ 19వ శతాబ్దంలోనే పరీక్షించి చెప్పాడు. 1948లో అమెరికాలో మార్టిన్ 2-0-2 విమానం రెక్క ఊడింది కూడా ఫెటీగ్ వల్లే.

గగనం: అవి ఇరుసులు, రెక్కలు. ఇక్కడ పగిలింది క్యాబిన్. ఎక్కిన ప్రతిసారీ లోపలి ఒత్తిడికి ఉబ్బి, దిగాక మామూలవుతుంది. అయినా వాళ్ళు టెస్టు చేశారుగా, వేల సార్లు తట్టుకుంది.

రివెట్ బాబాయ్: ఆ టెస్టే కొంప ముంచింది. టెస్టు చేసిన క్యాబిన్ ముక్కనే ముందుగా మామూలు ఒత్తిడికి రెట్టింపు దాకా ఊదారు. దాంతో కిటికీ మూలల్లో లోహం కాస్త సాగి, ఒత్తిడి తీసేశాక బిగుసుకుంది. అలాంటి చోట పగులు తొందరగా పుట్టదు. జనాన్ని మోసిన విమానాలను అంత ఒత్తిడికి గురిచేయలేదు, కాబట్టి వాటికి ఆ బలం రాలేదు.

తర్వాత ఫార్న్‌బరోలోని బ్రిటన్ విమాన పరిశోధన కేంద్రంలో ఒక పాత కామెట్‌ను రెక్కలు బయటికి ఉండేలా నీళ్ళ తొట్టిలో పెట్టి, లోపలికి నీళ్ళు పంపు కొట్టి, వదిలి, మళ్ళీ కొట్టారు. గాలైతే బాంబులా పేలిపోయి ఆధారం మిగలదు. సర్వీసులో తిరిగినవీ కలిపి సుమారు 3,060 సార్లకు చీలింది. ఎల్బా విమానం 1,290 ట్రిప్పులకు, నేపుల్స్‌ది 900కే పోయాయి.

కిటికీసీటు: చదరపు కిటికీల వల్లే కదా అంతా?

రివెట్ బాబాయ్: అందరూ అనే మాటే. ప్రయాణికుల కిటికీల మూలలు గుండ్రంగానే ఉండేవి. సముద్రంలోంచి నేవీ ఏరి తెచ్చిన ఎల్బా ముక్కల్లో చూస్తే, పగులు పైకప్పులో యాంటెన్నాల కోసం కోసిన ఖాళీ మూలలో, రివెట్టు కన్నం దగ్గర మొదలైంది.

దమ్‌దమ్: నా కోపం ఇంకోచోట ఉంది. ఎల్బా తర్వాత విమానాలు ఆపారు, అసలు కారణం తేలకుండానే ఏవో మార్పులు చేసి మార్చి 23న మళ్ళీ ఎగరనిచ్చారు. 16 రోజులకే నేపుల్స్. 1953 మేలో కలకత్తా దగ్గర మరో కామెట్ కూలి 43 మంది పోతే, దాన్ని గాలివాన ఖాతాలో రాసేశారు.

గగనం: కలకత్తాది ఫెటీగ్ అని తేలలేదు, దాన్ని ఇందులో కలపకండి. మార్చి నిర్ణయానికి బ్రిటన్ మంత్రిగారి అనుమతి కూడా ఉంది. ఒక్క కంపెనీ మీదే ఎందుకు పడతారు?

దమ్‌దమ్: అయితే ఇద్దరినీ అడుగుదాం.