అమెచ్యూర్ స్టీపుల్‌చేజ్: పాత ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న (అనంతపురం): ఇంగ్లండ్‌లోని చెల్తెన్‌హామ్ మైదానంలో అమెచ్యూర్ (వృత్తిగా స్వారీ చేయని) రౌతులు స్వారీ చేసే హంటర్స్ చేజ్‌ను, అంటే కంచెలు దాటే స్టీపుల్‌చేజ్ గుర్రప్పందేన్ని, ఏటా మార్చిలో చూస్తాను. గుర్రాల వయసును, గత గెలుపులను నోటుపుస్తకంలో గళ్లు గీసి రాసుకుంటున్నాను. వీటిలో దేనికి ఎక్కువ విలువ ఇవ్వాలో పెద్దలు చెప్పగలరా?

జవాబు (కర్నూలు): వయసు కన్నా అదే మైదానంలో గెలిచిన అనుభవాన్ని ముందు చూడండి. సాల్సిఫై అనే గుర్రం 2012, 2013లో, ఆన్ ది ఫ్రింజ్ 2015, 2016లో, పాచా డు పోల్డర్ 2017, 2018లో అక్కడ వరుసగా గెలిచాయి. అక్కడి పెద్ద పందెమైన గోల్డ్ కప్ జరిగే దారిలోనే మూడు మైళ్లకు పైగా పరుగెత్తి, కంచెలన్నీ దాటి, చివరి ఎక్కుడులోనూ ఊపు తగ్గని గుర్రాలు కొన్నే ఉంటాయి.

జవాబు (కడప): అన్నా, నేల సంగతి మరవకండి. బండలాగుడు పోటీకి ముందు మా నాన్న మడమతో మట్టిని తొక్కి, తడి చూసేవారు. వాన పడ్డ నేల మీద వచ్చిన ఫలితాన్ని, గట్టి నేల మీది ఫలితాన్ని ఒకే గడిలో రాయకూడదు.

ప్రశ్న అడిగినవారు: నేలకు ఈ రాత్రే వేరే గడి గీస్తాను.