సూర్యుడి ప్రోటాన్లను జీఈవీ (వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ఎనర్జీ) దాకా ఉరికించేది ఫ్లేరా (సూర్యుడి మీద ఒక్కసారి మెరిసే పేలుడు), సీఎంఈ (సూర్యుడు ఎగజిమ్మే ప్లాస్మా మబ్బు) ముందట పుట్టే షాకా?

జడ్చర్ల_ఫిజిక్స్: 2005 జనవరి 20 చూడున్రి. యూటీ (అంతర్జాతీయ టైము) 6:36కు ఎక్స్7.1 (అన్నిటికన్న పెద్ద తరగతి) ఫ్లేర్ మొదలు, 7:01కి ఎక్స్‌రే పీక్. న్యూట్రాన్ మానిటర్లు (పైనుంచి వచ్చే కణాల జాడ భూమ్మీద పట్టే పరికరాలు) 6:49కే లేచినయ్. పీక్ కాకముందే జీఈవీ ప్రోటాన్లు భూమ్మీదికొస్తే ఇంక షాక్ ఏడికెల్లి వచ్చె? అయస్కాంత రేఖలు తెగి అతుక్కునే కాడనే పని అయిపోయింది.

దేవరకొండ_షాక్: ఆగన్నా. 1 జీఈవీ ప్రోటాన్ వేగం కాంతిల 0.875 వంతు. వంకర దారి 1.2 ఏయూ (ఏయూ అంటే సూర్యుడికీ భూమికీ నడుమ దూరం) అనుకుంటే 11.4 నిమిషాలు, సీదా వచ్చే కాంతికి 8.3. ఆ 3 నిమిషాల తేడా తీసేస్తే, ఫ్లేర్ మొదలైన 10 నిమిషాలకు ప్రోటాన్లు బయలెల్లినట్టు. సెకనుకు 2500 కి.మీ. పోయే సీఎంఈ అంతల 15 లక్షల కి.మీ. పోతది, రెండు సౌర వ్యాసార్ధాల పైనే. షాక్ పుట్టెతందుకు సాలు.

జడ్చర్ల_ఫిజిక్స్: 2500 ఎవలు కొలిచిన్రు? సోహో (సూర్యుణ్ణి చూసే అంతరిక్ష నౌక) బొమ్మలు ఆ కణాలు తగిలి చుక్కలతోటే నిండినయ్. పోయిన చర్చల గూడ గిట్ల కాకిలెక్క జెప్పే నా పోస్టు తీసేయించిన్రు.

దేవరకొండ_షాక్: తీసేసింది మోడరేటర్. సరే, 1500 పెట్టుకో, 9 లక్షలు. ఇరుకే, కాదన. మరి వంద డిగ్రీల వెడల్పుల, రోజుల తరబడి కురిసే ప్రోటాన్లకు నిమిషాలల్ల సల్లారే ఫ్లేర్ ఏం జవాబు జెప్తది?

నల్లగొండ_రేడియో: విడుదల టైము తీసేటోళ్లు ఒకటి చూసుకోవాలె. 1/బీటా (బీటా అంటే కణం వేగం కాంతి వేగంల ఎన్నో వంతు) మీద రాక టైము గ్రాఫు గీస్తే, ఆ గీత వాలు దారి పొడుగునిస్తది. తక్కువ ఎనర్జీ చానళ్లల్ల బ్యాక్‌గ్రౌండ్ ఎక్కువుంటే రాక ఆలస్యంగా కనబడ్తది. అప్పుడు దారి పొడుగైతది, కణాలు అసలుకన్నా ముందే బయలెల్లినట్టు వస్తది. ఇద్దరి గొడవ గీ నిమిషాల మీదనే గదా!

జడ్చర్ల_ఫిజిక్స్: నిమిషాలు పక్కనవెట్టు. కరోనాల (సూర్యుడి పై వాతావరణంల) సగటు కణానికి వంద ఈవీ (ఎలక్ట్రాన్ వోల్టులు) అటిటు. అంత మెల్లగుండేదాన్ని షాక్ పట్టుకోలేదు, ముందే ఉరుకుతున్నదే షాక్‌కు అటూ ఇటూ దాటి ఎనర్జీ గుంజుకుంటది. విత్తనం ఫ్లేర్ వెయ్యాలె, పంట మీ షాక్ పేరు మీద రాసుకోవాల్నా?

దేవరకొండ_షాక్: గిప్పుడు అసలు మాట బయటవడ్డది. విత్తనం ఫ్లేర్‌దే కావచ్చు, పెద్ద ఘటనలల్ల గూడ ఫ్లేర్ గుర్తయిన హీలియం-3 కొంచెం కనబడ్తది. మెగా ఈవీ (పది లక్షల ఈవీ) నుంచి జీఈవీకి ఎక్కించిందెవరని నేనడుగుడు. హీలియం-3 నిండుగుండే చిన్న ఫ్లేర్ల కణాలు గంటలల్ల ఖతం, న్యూట్రాన్ మానిటర్ కదలనే కదలది.

వనపర్తి_చుక్క: ఆదిత్య-ఎల్1 తోటి తేల్చరాదా?

నల్లగొండ_రేడియో: దాంట్ల స్టెప్స్ పరికరం న్యూక్లియాన్‌కు (ప్రోటాన్ లేదా న్యూట్రాన్ ఒక్కదానికి) 5 మెగా ఈవీ దాకనే కొలుస్తది. విత్తనం దొరుకుతది, జీఈవీ దొరకది.