ఈ వారం సమస్య: చెరువు నడచి వచ్చి చెట్టునెక్కె

ఉల్లివీధి:
అందరికీ నమస్కారం. నెల రోజుల నించి ఈ గ్రూపులో మన విజయనగరం 1989 టెన్త్ బ్యాచ్ వాళ్లం, సొంత పేర్లకి బదులు వీధుల పేర్లే పెట్టుకుని, వీధి కబుర్లే చెప్పుకుంటున్నాం కదా, ఎవరింటి అరుగు ఎంత పొడుగు, గోలీసోడా ఎక్కడ తాగేవాళ్లం, సిరిమాను పండగ ముందు తొలేళ్ల రాత్రి ఎవరు ఎవరింట్లో పడుకునేవారు, ఇవన్నీ ఇలాగ చెప్పుకుంటూ పోతే రేపటికి పైకి జరిగిపోయి ఎవరికీ దొరకవు, పద్యంలో కడితే మాత్రం నోట్లో ఉండిపోతాయి. అందుకే ఒక సమస్య ఇస్తన్నాను. ఆటవెలది నాలుగో పాదం ఇది:

చెరువు నడచి వచ్చి చెట్టునెక్కె

పై మూడు పాదాలూ మీరు రాయాలి. మర్చిపోయినవాళ్లకి గుర్తు చేస్తాను, ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సూర్యగణం అంటే గురువు-లఘువు, లేదా మూడు లఘువులు. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి, అంటే రెండు ధ్వనులూ జత కుదరాలి. ప్రాస అక్కర్లేదు. నా తరఫున ఒక్కటే షరతు, మన ఊరి చెట్టు, మన ఊరి నీళ్లే రావాలి, మనం చూడనివి వద్దు. దిద్దడం లంకవీధి చూసుకుంటుంది, స్కూల్లో కూడా తనే మన నోటుబుక్కులు పోగుచేసి దిద్దించుకొచ్చేది, ఇప్పుడు తెలుగు టీచరు కూడాను.

లంకవీధి:
సరే. తప్పుంటే తప్పని చెప్తాను, ఎవరూ మనసులో పెట్టుకోకండి. బావుంటే ఎందుకు బావుందో కూడా చెప్తాను.

మూడులాంతర్లు:
మా ఇల్లు పైడితల్లి చదురుగుడికి దగ్గర్లోనే కాబట్టి నాకు చెరువు అనగానే అమ్మవారే గుర్తొచ్చింది. పెద్దచెరువులో దొరికిన తల్లి కదా, ఉత్సవంలో ఆవిడ తరఫున పూజారి ఎక్కి కూర్చునే సిరిమాను కూడా చింతమానే కదా, ఇంక సమస్య ఎక్కడుంది?

పైడితల్లి నీట పవళించి మేల్కాంచి
దసర పిదప వచ్చు తరుణమందు
మంగళమున జనము మధ్యగా సాగంగ
చెరువు నడచి వచ్చి చెట్టునెక్కె

చిన్నప్పుడు మా మేడమీదికి చుట్టాలందరూ వచ్చేసేవారు, మాను గుడి దగ్గర నించి కోట దాకా మూడుసార్లు వెళ్లొస్తుంది కాబట్టి మాకు ఆరుసార్లు కనిపించేది, ముందు పాలధార, బెస్తవారి వల, తెల్లఏనుగు, అంజలిరథం వెళ్లేవి, వెనకాల మాను వచ్చేసరికి జనం అరటిపళ్లు విసిరేవారు, ఒకటి తిరిగొచ్చి మా అమ్మమ్మ ఒళ్లో పడితే ఆ ఏడాదంతా ఆవిడ అదే చెప్పుకుంది.

లంకవీధి:
ప-ప యతి, ద-త యతి, మ-మ యతి, మూడూ సరిగ్గా పడ్డాయి. దసరాని దసర అన్నావు, మన నోళ్లలో ఆ మాటే ఉంది కాబట్టి నాకు అభ్యంతరం లేదు. అన్వయం దగ్గరే చిన్న లోటు. మొదటి పాదంలో పైడితల్లి కర్త, ఆఖర్న చెరువు కర్త, రెండూ ఒకటే అని చదివేవాడు ఊహించుకోవాలి. మన ఊరివాళ్లం ఊహిస్తాం, పరాయి ఊరివాడు ఆగిపోతాడు. ఇలా చేసి చూడు:

పైడితల్లి నీట పవళించి మేల్కాంచె
దసర పిదప వచ్చు తరుణమందు
మంగళమున జనము మధ్యగా మన పెద్ద
చెరువు నడచి వచ్చి చెట్టునెక్కె

‘మేల్కాంచె’ దగ్గర ఒక వాక్యం అయిపోయింది. ‘మన పెద్ద’ మూడో పాదం చివర నిలబడి కింద చెరువుని పట్టుకుంది. సమస్యలో ఒక్క అక్షరం కదలలేదు.

మూడులాంతర్లు:
అమ్మా, ‘పెద్ద’ నాకు తట్టలేదు చూడు. రోజూ పెద్దచెరువు, పెద్దచెరువు అంటూనే ఉన్నాను. ఇదే ఉంచండి.

కొత్తపేట:
నాది గాలివాన పద్యం. ఆరో తరగతిలో అనుకుంటా, రెండు రోజులు కరెంటు లేక కిరసనాయిలు దీపం పెట్టుకుని కూర్చున్నాం, పొద్దున్న లేచి చూస్తే వీధి లేదు, నీళ్లే.

గాలివాన హోరు కట్టలు తెంచగా
మునిగె వీధి యరుగు మూరెడెత్తు
వేపకొమ్మ దాక వెల్లువ పొంగంగ
చెరువు నడచి వచ్చి చెట్టునెక్కె

లంకవీధి:
గణాలూ యతులూ ఎక్కడా వేలు పెట్టడానికి లేవు. కానీ ఒక మాట వదిలేశావు. సమస్యలో చెరువు ‘నడచి’ వచ్చింది. గట్టు తెగి వెల్లువ పొంగితే నీళ్లు పరిగెడతాయి గానీ నడవవు. సమస్యలో ఉన్న ప్రతి మాటకీ పూరణలో జవాబు ఉండాలి, లేకపోతే ఆ మాట ఊరికే ఉన్నట్టు అవుతుంది. ఆ రోజు నీళ్లు మీ ఇంట్లోకి ఎలగ వచ్చాయో గుర్తు చేసుకో.

కొత్తపేట:
నిజమే. పరిగెత్తి రాలేదు. రాత్రి మొదటి మెట్టు మీద ఉన్నాయి, మా నాన్న లాంతరు పట్టుకుని గంటగంటకీ వెళ్లి చూసి ‘రెండోది’, ‘మూడోది’ అని లోపలికి చెప్పేవారు. మేం బియ్యం డబ్బాలు అటకెక్కించేశాం. ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తది నాకు.

లంకవీధి:
అదే పద్యం. మూడో పాదం తీసేసి ఇది పెట్టు:

మెట్టు మెట్టు మీద మెల్లగా పొంగుచు

కొత్తపేట:
ఇప్పుడు మా నాన్న ఉన్నారు ఇందులో. వేప పోయింది పద్యంలోంచి, పర్లేదు, ఆ వేప ఎలాగూ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి వేళ్లతో లేచిపోయింది.

అయ్యకోనేరు గట్టు:
నేను లెక్క చూసుకుంటూ వేళ్ల మీద రాశాను, తప్పులుంటే చెప్పు.

అమ్మ చంకలోని యా బిందెలో చేరి
వేరు నంటి నీరు వెన్న యగుచు
కొబ్బరాకు గొడుగు కొప్పున బొండమై
చెరువు నడచి వచ్చి చెట్టునెక్కె

తాగడానికి కుళాయి నీళ్లు, మొక్కలకి మాత్రం కోనేటి నీళ్లే. మా అమ్మ సాయంత్రం నాలుగింటికి ఇత్తడి బిందె పట్టుకుని బయల్దేరితే ఆవిడ వెనకాల దారి పొడుగునా చుక్కలు పడేవి, ఆ తడి చూసి మేం బడి నించి వస్తా అమ్మ ఎన్నోసారి వెళ్లిందో చెప్పేసేవాళ్లం. పెరట్లో రెండు కొబ్బరి చెట్లు. మొదటి గెల దింపిన రోజు ఆవిడ ఒక బొండం కొట్టించి తాగి, ‘నేను మోసిన నీళ్లే, ఎంత తియ్యగా అయ్యాయో’ అంది. పద్యం నాది కాదు, ఆ మాట ఆవిడదే.

ఉల్లివీధి:
లంకవీధి ఏమంటుందో గానీ నాకు మాత్రం గుండె నిండిపోయింది. చెరువుకి కాళ్లు ఎక్కడివి అంటే అమ్మవి.

లంకవీధి:
నాకూ అంతే. ‘నడచి’ అన్న మాటకి ఇంతకంటే మంచి జవాబు ఉండదు. ‘యా బిందె’ దగ్గర అ-యా యతి చెల్లుతుంది. కొబ్బరాకు వాడుక మాట, అదే ఉండాలి, కొబ్బరియాకు అంటే మన పెరట్లోది అనిపించదు. దిద్దాల్సింది ఒక్కటే. రెండో పాదంలో ‘నీరు’ అనగానే కర్త మారిపోయింది, బిందెలో చేరింది చెరువు, వెన్న అయింది నీరు, చెట్టెక్కింది మళ్లీ చెరువు. ‘నీరు’ తీసి ‘తీయ’ పెడితే మొదటి నించి చివరి దాకా చెరువు ఒక్కతే నడుస్తుంది:

వేరు నంటి తీయవెన్న యగుచు

గురువు, లఘువు, అలాగే ఉన్నాయి. ఆవిడ అన్న ‘తియ్యగా’ కూడా పద్యంలోకి వచ్చేసింది.

అయ్యకోనేరు గట్టు:
మా అక్కకి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది.

కంటోన్మెంట్:
నా ఐడియా చెప్తాను, పద్యం ఇంకా పూర్తవలేదు. మూడో పాదం చివర ‘అ’ పెట్టి కింద ‘చ్చెరువు’ అని కలిపితే అచ్చెరువు, అంటే ఆశ్చర్యం నడిచొచ్చి చెట్టెక్కింది అని వస్తది కదా?

లంకవీధి:
ఊహ చురుగ్గా ఉంది, కానీ ఇచ్చిన పాదం ‘చె’తో మొదలైంది, నువ్వు ‘చ్చె’ చేస్తున్నావు. ఇచ్చిన అక్షరం మార్చకూడదు. ముందు మాట చేర్చాలంటే ఇందాక ‘పెద్ద’ చేరినట్టు, సమస్యని ముట్టుకోకుండా చేరాలి. పైగా అందులో మన వీధి ఏదీ? మళ్లీ రాయి, ఎదురుచూస్తాను.

దాసన్నపేట:
నేను హైదరాబాద్ వచ్చి ఇరవై ఆరేళ్లయింది. పద్యం రాయడం స్కూలు తర్వాత ఇదే.

చిన్ననాటి వీధి గుర్తుకు వచ్చింది
కంటి నీరు నిండి కదలెనంట
రెప్పగట్టు దాటి రెమ్మల తడుపుచు
చెరువు నడచి వచ్చి చెట్టునెక్కె

లంకవీధి:
ముందు తప్పు చెప్తాను. మొదటి పాదంలో ‘చి’కి ‘గు’ యతి కాదు. ‘గుర్తుకు వచ్చింది’ తీసి ‘చేయెత్తి పిలువంగ’ పెట్టు, చి-చే కుదురుతుంది, వీధే పిలిచినట్టు ఉంటుంది. రెప్పగట్టు అన్న మాట బావుంది గానీ అసలు చిక్కు అక్కడే. చెరువు కన్నీరు అని తెలిసింది, మరి చెట్టు ఏది? కంట్లో చెట్టు లేదు కదా. నీకు ఏడుపు ఎప్పుడొచ్చిందో చెప్పు.

దాసన్నపేట:
మొన్న గ్రూపులో పాత ఆల్బం లోంచి తీసి ఎవరో పెట్టారు కదా, బడి గేటు పక్కన చింతచెట్టు ఫొటో. దాని కింద మనం లంచ్ డబ్బాలు విప్పుకుని కూర్చునేవాళ్లం, మా అమ్మ భీమాలి మామిడితాండ్ర ముక్క పెట్టి పంపితే ఆరుగురం పంచుకునేవాళ్లం. ఆ ఫొటో పెద్దది చేసి చూస్తుంటే ఫోన్ మీద పడింది, తుడిచాను.

ఉల్లివీధి:
అదే చెట్టు కదా! కన్నీరు పడింది చెట్టు మీదే కదా!

లంకవీధి:
అవును. ఆగండి, ఫోనుకి బొమ్మ యతి, ఫ-బ ఒకటే వర్గం, అచ్చులు ఓ-ఒ కూడా కుదురుతాయి:

చిన్ననాటి వీధి చేయెత్తి పిలువంగ
కంటి నీరు నిండి కదలెనంట
ఫోనులోని చెట్టు బొమ్మపై పడినంత
చెరువు నడచి వచ్చి చెట్టునెక్కె

దాసన్నపేట:
ఇది నేనే రాశానని అనిపించట్లేదు, కానీ ఇది నాకే జరిగింది.

బొంకులదిబ్బ:
అందరూ నీళ్ల చెరువు గురించి రాస్తున్నారు, మన క్లాసు ‘చెరువు’ ఎవరికీ గుర్తు రాలేదా? పెద్దచెరువు గట్టు నించి రోజూ తడి తలతో బడికి వచ్చేవాడు, అందుకే ఆ పేరు.

పేరు మరచి మేము పిలిచిన పేరది
కోతికొమ్మలాట కొలువుదీర
చింత చెంత మేము చేరగా నవ్వుచు
చెరువు నడచి వచ్చి చెట్టునెక్కె

మూడులాంతర్లు:
ఒరే! వాడు నిజంగానే నడిచొచ్చి ఎక్కేసేవాడు, పరిగెత్తేవాడు కాదు, మిగతావాళ్లం ఉరికురికి వచ్చేసరికి పై కొమ్మ మీద ఉండేవాడు.

లంకవీధి:
ఇన్ని పూరణల్లో సమస్యని ఉన్నదున్నట్టు నిజం చేసింది ఇదొక్కటే. ‘మేము’ రెండుసార్లు వచ్చింది, అది చిన్న విషయం. నా అభ్యంతరం చింత మీద. కోతికొమ్మచ్చి ఆడింది చింత మీద కాదు. నేను కింద బ్యాగులకి కాపలా ఉండేదాన్ని, నాకు బాగా గుర్తు, అది నేరేడు.

బొంకులదిబ్బ:
నేరేడే, ఒప్పుకుంటాను. కానీ నేరేడు అంటే గురువు గురువు లఘువు, త గణం, సూర్యగణం చోట పట్టదు. ఫొటోలో చింత చూసి అదే పెట్టేశాను, చింతకి చేరగా యతి కూడా కుదిరింది.

లంకవీధి:
యతి కుదిరిందని చెట్టు మార్చేస్తామా? త గణం ఇంద్రగణమే కదా, నేరేడుని నాలుగో గణంలో కూర్చోబెట్టు, దానికి యతి ముందు వెతుక్కో. ని, నీ, నె, నే, వీటిలో ఒకటి.

బొంకులదిబ్బ:
రాత్రంతా ఆలోచించాను. ఇది సరిపోతుందా?

నిన్నమొన్నలాగ నేరేడు పండ్లకై

లంకవీధి:
సరిపోవడమా! చింత ఉంటే ఈ ‘నిన్నమొన్న’ వచ్చేదే కాదు. నేరేడు కోసం వెతికావు, అది దొరికింది. ‘మేము’ కూడా ఒకటి దానంతట అదే పోయింది. బడి తెరిచిన జూన్‌లో చొక్కాల మీద ఆ ఊదా మరకలు నాకిప్పుడు కనిపిస్తున్నాయి.

బొంకులదిబ్బ:
ఆ చెట్టు కొట్టేశారని విన్నాను. వాడు ఈ గ్రూపులో ఉన్నాడో లేడో కూడా తెలీదు.

చెరువు:
ఉన్నాను. అన్నీ చదువుతున్నాను. నాకు గణాలూ అవీ రావు, అందుకే ఏం రాయలేదు. ఒక్క మాట మార్చమని అడగొచ్చా? ‘పేరు మరచి’ అన్నారు. మీరెవరూ మరవలేదు. హాజరు పిలిచినప్పుడు మాస్టారు నా అసలు పేరు చదివితే, నేను పలికేలోపే వెనక బెంచీ మొత్తం ‘చెరువు’ అనీవారు. నేను రాని రోజు మాత్రం ఎవరో ఒకరు లేచి, అసలు పేరు పెట్టి, ఫలానావాడికి జ్వరం మాస్టారూ అని చెప్పీవారు. మా అమ్మ నాకు చెప్పింది. మరచి కాదు, విడిచి. అలా అంటే పద్యం పాడవుద్దా?

లంకవీధి:
మరచి మూడు లఘువులు, విడిచి మూడు లఘువులు. పాడవదు. నాకే తట్టాల్సింది.

పేరు విడిచి మేము పిలిచిన పేరది
కోతికొమ్మలాట కొలువుదీర
నిన్నమొన్నలాగ నేరేడు పండ్లకై
చెరువు నడచి వచ్చి చెట్టునెక్కె

చెరువు:
బావుంది. చెట్టు కొట్టేసిన మాట నిజమే, కానీ మొదలు ఉంచేశారు, పక్కనించి రెండు కొమ్మలు లేచాయి. నేను ఇక్కడే గట్టు మీదే ఉంటున్నాను. పోయిన జూన్‌లో కాసింది, ఎక్కువ కాదు, మావోడు ఎక్కి కోస్తే ఒక గిన్నెడు వచ్చాయి. ఈసారి మీరెవరు వస్తారో ముందు చెప్పండి, కొయ్యకుండా ఉంచుతాను.