అప్‌డేట్: చెల్లిని కొడుతున్న మా అయిదేళ్ల బాబు విషయం

సాయంత్రమయ్యేసరికి చెల్లిని కొడుతూ, బొమ్మలు విసిరేస్తున్న మా అయిదేళ్ల బాబు గురించి ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ఇక్కడ బెంగళూరులో మేము కలిసిన పిల్లల మనస్తత్వ నిపుణురాలు ముందుగా నిద్ర గురించి అడిగారు. ఈ వయసుకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి, మావాడికి అంత దక్కడం లేదు. పడుకునే వేళను ముందుకు జరిపాక చిరాకు చాలావరకు తగ్గింది. మిగిలినదానికి పనికొచ్చింది మీలో ఒకరు చెప్పిన ఉపాయమే: ‘మంచి బాబువి’ అని ఊరుకోకుండా, ‘చెల్లి నీ కారు లాక్కుంటే కొట్టకుండా నన్ను పిలిచావు, బాగుంది’ అంటూ, చేసిన పనిని అప్పటికప్పుడే ప్రత్యేకంగా మెచ్చుకోవడం. కొట్టకుండా ఉన్న రోజుకు ఒక స్టారు అంటించే చార్టు మాత్రం మా ఇంట్లో నిలవలేదు. స్టారు రాని రోజు దానికోసమే మరో గొడవ. ఇంట్లో తెలుగు, బయట కన్నడ వల్లేమోనన్న మా అత్తగారి అనుమానానికీ, దీనికీ సంబంధం లేదని నిపుణురాలు తేల్చేశారు. ఇప్పటికీ అప్పుడప్పుడూ చెయ్యి లేస్తుంది. అప్పుడు ఇద్దరినీ విడదీసి, వాడు శాంతించాకే మాట్లాడుతున్నాము.