12 జట్ల లీగు: ఏడో జట్టుకు ఆరో జట్టు కంటే పాయింట్లు ఎక్కువ ఎట్ల?

ఓరుగల్లు వింగర్:
స్కాట్లాండ్ ఫుట్‌బాల్ పై లీగు 2005–06 పట్టికల హిబ్స్ 56 పాయింట్లతో నాలుగు, కిల్మార్నాక్ 55తో అయిదు, అబర్డీన్ 54తో ఆరు. ఇన్వర్నెస్ మాత్రం 58 తెచ్చుకొని ఏడు! అచ్చుతప్పా, రూలే అట్లుందా? అడగడానికి ఇంకో కారణం ఉంది. హనుమకొండ, కాజీపేట, వరంగల్ కలిపి 12 జట్లతో లీగు పెట్టాలనుకుంటున్నం. గ్రౌండు ఒక్కటే, శని ఆదివారాలే దొరుకుతది. ఈ పద్ధతి మనకు పనికొస్తదా?

కాజీపేట జంక్షన్:
రూలే అన్నా. ఒక్కొక్కరితో మూడుసార్ల చొప్పున 33 మ్యాచులు అయినంక పట్టికను మధ్యలకు కోస్తరు. పై ఆరు జట్లు వాటిలో అవి, కింది ఆరు వాటిలో అవి ఇంకో 5 ఆడతయి. పాయింట్లు పోవు, కానీ గీత దాటుడు లేదు. పైన గట్టి జట్ల చేతిల ఓడేటోళ్లకు పాయింట్లు రాలవు, కింద గెలిచేటోళ్లకు పెరుగుతయి. ఇన్వర్నెస్‌కు అయింది అదే.

ఈ లెక్క 2000–01ల వచ్చింది. అంతకుముందు 10 జట్లు, 36 మ్యాచులు. 12 జట్లు నాలుగేసిసార్లు ఆడితే 44 అయితయి, క్యాలెండర్ల పట్టవు. రెండుసార్లే ఆడితే 22, అక్కడి రెండు పెద్ద జట్లు సెల్టిక్–రేంజర్స్ పోటీలు నాలుగు నుంచి రెండుకు పడిపోతయి. టీవీ వాళ్లు పైసలు పెట్టేదే ఆ మ్యాచులకు. అందుకే 33+5.

చివరి జట్టు నేరుగా కిందికి. పదకొండోది కింది డివిజన్ ప్లేఆఫ్ విజేతతో రెండు మ్యాచులు ఆడి నిలబడాలె. కింద 3, 4 స్థానాలోళ్లు ముందు తలపడతరు, గెలిచినోళ్లు రెండో స్థానంతో, ఆ విజేత పదకొండో జట్టుతో.

భీమారం లెఫ్ట్‌బ్యాక్:
ఒక్కటి వదిలేసినవ్. ఒక్కొక్కరితో ఆడే మూడుసార్లు బేసి సంఖ్య, కాబట్టి కొందరితో రెండుసార్లు సొంత గ్రౌండుల, కొందరితో ఒక్కసారే. పై ఆరులకు ఎవరొస్తరో సీజనుకు ముందే అంచనా కట్టి ఆ లెక్కన షెడ్యూల్ రాస్తరు. అంచనా తప్పిందంటే 19–19 కావాల్సింది 18–20 అయితది, లేదంటే ఒకే ప్రత్యర్థి ఊరికి మూడుసార్లు పోవాల్సొస్తది. అక్కడ ఏటా తిట్లు తినేది ఇదే.

పైకి రావాలంటే గ్రౌండు నిబంధన కూడా ఉండె. 10,000 సీట్లు లేవని 2003ల కింది డివిజన్ గెలిచిన ఫాల్కిర్క్‌ను రానియ్యలే. మరుసటేడు పైకొచ్చిన ఇన్వర్నెస్ అదే కారణంతో కొన్ని నెలలు అబర్డీన్ స్టేడియంల ఆడింది. వరంగల్ జట్టు సొంత మ్యాచులకు హైదరాబాద్ పోయినట్టు! తర్వాత దాన్ని 6,000కు తగ్గించిన్రు.

హంటర్ రోడ్ రిఫరీ:
మీకు స్కాట్లాండ్ లెక్క సాగదు. 33 రౌండ్లంటేనే 198 మ్యాచులు. ఐస్‌లాండ్ 22+5 కూడా ఎక్కువే. ఒక్కొక్కరితో ఒక్కసారి 11, విడగొట్టినంక 5 పెట్టుకోండి. 66+30, మొత్తం 96 మ్యాచులు, 16 వారాలు. వారానికి 6 కాబట్టి శనివారం 3, ఆదివారం 3. ఒక్కో సగం 35 నిమిషాలు, విరామం 10, జట్లు మారడానికి 10 అనుకుంటే మ్యాచుకు గంటన్నర. పొద్దున 6:30కు మొదలుపెడితే 11కు అయిపోతది. గ్రౌండు ఒక్కటే కాబట్టి పైన చెప్పిన సొంత–బయటి పంచాయితీ మీకు లేనే లేదు.

చెడేది ఎక్కడంటే, వాయిదా పడ్డ మ్యాచులు ఉండంగనే విడగొట్టుడు. పదకొండో రౌండు తర్వాత ఒక వారం ఖాళీ పెట్టండి. సంక్రాంతికి ఒక వారం, సమ్మక్క జాతర ఏడాదైతే ఇంకొకటి. దసరా అయినంక మొదలుపెడితే ఫిబ్రవరి చివరికి ముగుస్తది.

ఆరో స్థానం కాడ పాయింట్లు సమానమైతే గోల్ తేడా చూస్తరు. కాబట్టి వాకోవర్‌కు (ఎదుటి జట్టు రాకుంటే) 3–0 అని ముందే రాసుకోండి, లేకుంటే కొట్లాట తప్పదు.

ఆస్ట్రియాలెక్క పాయింట్లు సగం చేద్దామని ఎవరో ఒకరు అంటరు. అక్కడ 55 ఉంటే అర పాయింటు వదిలేసి 27, 48 ఉంటే 24, అంటే ఏడు పాయింట్ల ఆధిక్యం మూడుకు దిగుతది. పోటీ రంజుగైతది నిజమే, కానీ పైనున్నోళ్లు 11 వారాలు కష్టపడ్డది సగం పోతది. నేనైతే వద్దంట.

ఓరుగల్లు వింగర్:
సమజైంది అన్నా. ఏడు, ఎనిమిది స్థానాలోళ్లు ఇగ ఏముందని రాకుంటే?

హంటర్ రోడ్ రిఫరీ:
ఖాయంగ మానేస్తరు. వేల్స్‌ల 12 జట్ల లీగుల ఏడో జట్టుకు యూరప్ బెర్తు ప్లేఆఫ్‌ల (యూరప్ టోర్నీల చోటు కోసం ఆడే మ్యాచులల్ల) చోటిచ్చేటోళ్లు, అందుకే కింది సగం కూడా చివరిదాకా కొట్లాడేది. మీరూ ఏడో జట్టుకు కప్పు టోర్నీల నేరుగా చోటియ్యండి. డిపాజిట్ మాత్రం ముందే తీసుకొని, 16 మ్యాచులు ఆడినోళ్లకే వాపస్ చేయండి.